మారుతూ పోయే మ్యూరల్: గోడ పనీ కెమెరా పనీ జోడించడం ఎలా? (ఇది ఫోరంలో జరిగిన చర్చ. ప్రతి మాటకీ పైనున్నది రాసినవారి మారుపేరు.)

నీడపట్టు

గోడ 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు, కొత్తగా ప్లాస్టరింగు చేసింది. బొమ్మ ఆరు విడతల్లో మారాలి. ఒక విడత మీదే తర్వాతి విడత వస్తుంది. పాతదాంట్లో కొంత మిగులుతుంది, కొంత మూసుకుపోతుంది. మధ్యమధ్యలో ఫోటోగ్రాఫర్ తీసిన చిత్రాలే పెద్ద ప్రింట్లుగా గోడెక్కుతాయి, వాటి మీద మళ్ళీ కుంచె పడుతుంది. చివరికి చేతికి రావలసినవి: విరామాలిచ్చి తీసిన ఫోటోల్ని వరసగా ఆడించే ఒక టైమ్‌ల్యాప్స్ వీడియో, విడతకొకటి చొప్పున పెద్ద ప్రింటుకి పనికొచ్చే స్టిల్, రంగుల విషయంలో నమ్మదగ్గ రికార్డు. చిత్రకారులు ఇద్దరు, ఫోటోగ్రాఫర్ ఒక్కరు.

కెమెరా ఎక్కడ నిలపాలి? గోడ తయారీలో కెమెరా కోసం ఏమైనా మార్చుకోవాలా? ప్రింట్లు అతికించి పైన రంగు వేస్తే పొరలు నిలుస్తాయా?

మూడుకాళ్ళు

ప్రైమర్ డబ్బా మూత తీయకముందే కెమెరా చోటు తేల్చుకోండి. పని సగమయ్యాక ఫోటోగ్రాఫర్ని పిలిస్తే డాక్యుమెంటేషన్ వస్తుంది గానీ జోడీ పని రాదు.

దూరం లెక్క తేలికే. ఫ్రేములో పట్టాల్సిన వెడల్పుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో గుణించి సెన్సర్ (కెమెరాలో బొమ్మ పడే చిప్పు) వెడల్పుతో భాగించాలి. 12 మీటర్లకి పది శాతం ఖాళీ కలుపుకుంటే 13.2 మీటర్లు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. కాబట్టి 24 మి.మీ. లెన్సుకి 8.8 మీటర్ల దూరం, 35కి 12.8 మీటర్లు, 50కి 18.3 మీటర్లు కావాలి. స్థలం ఉంటే 35 తీసుకోండి. 24 అంచుల దగ్గర నిలబడ్డ మనుషుల్ని సాగదీస్తుంది. 50 పెట్టుకుంటే గోడకీ కెమెరాకీ మధ్య లోకమంతా నడుస్తుంది.

ఎత్తు 2 మీటర్లు, అంటే గోడకి సరిగ్గా నడిమధ్య. కింద నుంచి తల పైకెత్తి తీస్తే నిలువు గీతలు పైన దగ్గరపడతాయి. సాఫ్ట్‌వేర్‌లో సరిచేయొచ్చు కానీ పై భాగంలో పిక్సెళ్ళు సాగి పదును పోతుంది, అది ఆరు విడతల్లోనూ పోతుంది.

ట్రైపాడ్‌ని నెలల తరబడి నమ్మొద్దు. ఎదురుగా గోడో స్తంభమో ఉంటే 10 మి.మీ. యాంకర్ బోల్టులతో ఇనుప బ్రాకెట్ బిగించి, దాని మీద క్విక్ రిలీజ్ ప్లేటు శాశ్వతంగా ఉంచేయండి. కెమెరా రోజూ ఇంటికెళ్ళినా ప్లేటు కదలదు. ట్రైపాడే గతి అయితే మూడు కాళ్ళ కింద నేలలో బోల్టులు దించి, కాళ్ళు ఎంత పొడవు తీశారో టేపుతో గుర్తు పెట్టి, నేల నుంచి లెన్స్ మధ్యకి కొలత రాసుకోండి.

ఇక గోడ మీద గురిపాయింట్లు. బొమ్మ అంచుకి బయట నాలుగు మూలలా నాలుగు, పైనా కిందా మధ్యలో ఒక్కోటి, మొత్తం ఆరు. స్టెయిన్‌లెస్ స్క్రూ తల అయితే మంచిది. రంగు పడినా వేలికి తగులుతుంది, గీకితే మెరుస్తుంది. రెండు వికర్ణాలూ కొలిచి రాసి పెట్టుకోండి. బ్రాకెట్ ఎంత బిగించినా విడతకీ విడతకీ నాలుగైదు పిక్సెళ్ళ తేడా వస్తుంది. ఈ ఆరు పాయింట్లే ఆ ఫ్రేముల్ని ఒకదాని మీద ఒకటి కూర్చోబెడతాయి.

రంగులబకెట్

స్క్రూలు సరే, డ్రిల్లు వేసిన చోటల్లా చెమ్మకి దారి తెరిచినట్టే. ప్లాస్టిక్ ప్లగ్గు దించి, రంధ్రంలో సిలికాన్ కూరి, అప్పుడు స్క్రూ బిగించండి. ఇనుపవి వద్దు. మొదటి వానకే తుప్పు చారలు బొమ్మ మీదికి దిగుతాయి.

కొత్త ప్లాస్టరింగు అన్నారు కాబట్టి ముందు 28 రోజులు ఆగాలి. తడి సిమెంటు క్షారం, పీహెచ్ 12 దాటి ఉంటుంది. అప్పుడే రంగు వేస్తే రంగుని పట్టి ఉంచే బైండర్ విరిగిపోతుంది, కొన్ని రంగులు వెలిసిపోతాయి, ఉప్పు పైకి పొంగి తెల్లటి పొడిలా తేలుతుంది. చెమ్మ చూడ్డానికి మీటరు చదరం ప్లాస్టిక్ షీటుని నాలుగు వైపులా టేపుతో అంటించి 24 గంటలు వదిలేయండి. లోపలివైపు నీటి బొట్లు పట్టినా, గోడ నల్లబడినా ఇంకా ఆగాల్సిందే. ఉప్పు తేలితే గట్టి పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్ళతో కడిగితే కరిగి మళ్ళీ లోపలికే పోతుంది, ఎండగానే మళ్ళీ వస్తుంది.

మీది 48 చదరపు మీటర్లు. క్షారాన్ని తట్టుకునే ఎక్స్‌టీరియర్ ప్రైమర్ లీటరుకి 8 చదరపు మీటర్లు వస్తుందనుకుంటే ఒక కోటుకి 6 లీటర్లు. పైన మెరుపు లేని మ్యాట్ తెలుపు రెండు కోట్లకి 12 లీటర్లు. కానీ 20 లీటర్లు కొనండి, అన్నీ ఒకే బ్యాచ్ నంబరువి. డబ్బాలన్నీ ఒక పెద్ద డ్రమ్ములో పోసి కలిపి, తిరిగి డబ్బాల్లో నింపి మూతలు బిగించండి. ఆరు విడతల్లో ఎక్కడైనా బొమ్మని చెరిపి తెలుపుకి తేవాలంటే ఆ మిగిలిన 8 లీటర్లే దిక్కు. అదే కంపెనీ, అదే పేరు, అదే కోడ్ అయినా బ్యాచ్ మారితే కంటికి కనబడని తేడా కెమెరాకి కనబడుతుంది.

మ్యాట్ అని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, కొంచెం మెరిసే శాటిన్ మీద టచప్ వేసిన చోటు పక్క నుంచి చూస్తే మచ్చలా మెరుస్తుంది. టైమ్‌ల్యాప్స్‌లో ఆ మచ్చలు పొద్దు తిరిగే కొద్దీ వెలిగి ఆరుతుంటాయి.

లప్పం పెట్టాలంటే ఎక్స్‌టీరియర్‌దే పెట్టండి. ఇంటి లోపల వాడేది బయట పెడితే ఆరో విడత దాకా కాదు, రెండో విడతకే పెచ్చులు.

గోడమీదపిల్లి

ఒక్క సందేహం. టైమ్‌ల్యాప్స్‌కీ, పెద్ద ప్రింటు స్టిల్‌కీ అదే కెమెరా, అదే చోటు సరిపోతుందా? రెంటికీ ఒకే సెటప్ అనుకుంటూ ఉన్నాను నేను.

మూడుకాళ్ళు

సరిపోదండీ. 6000 పిక్సెళ్ళ వెడల్పున్న కెమెరాతో 13.2 మీటర్లు పడితే ఒక పిక్సెల్ గోడ మీద 2.2 మి.మీ. కుంచె వెంట్రుక గీతలు అందులో ఉండవు. వీడియోకి అది చాలా ఎక్కువ, ప్రింటుకి చాలా తక్కువ.

ప్రింటు రికార్డుకి పిక్సెల్‌కి అర మిల్లీమీటరు పెట్టుకోండి. 6000 × 4000 కెమెరా అయితే ఒక ఫ్రేము గోడ మీద 3 మీ. × 2 మీ. పడుతుంది. 50 మి.మీ. లెన్సుతో గోడకి దాదాపు 4.2 మీటర్ల దూరం. నేల మీద ఆ దూరంలో గోడకి సమాంతరంగా సున్నపు దారం కొట్టండి. గోడ ఎడమ అంచు నుంచి 1.5 మీటర్ల దగ్గర మొదటి గుర్తు, అక్కడి నుంచి 1.8 మీటర్లకొకటి, 10.5 దగ్గర ఆరోది. కెమెరా ఎత్తులు 1, 2, 3 మీటర్లు. మొత్తం 18 ఫ్రేములు. అడ్డంగా 40 శాతం, నిలువుగా 50 శాతం ఒకదాని మీద ఒకటి పడతాయి. అతికితే 24000 × 8000 పిక్సెళ్ళు, అంగుళానికి 200 చొప్పున ప్రింటు తీస్తే 3 మీటర్ల పొడవు వస్తుంది.

ఒకే చోట నిలబడి కెమెరాని తిప్పుతూ పనోరమా తీయకండి. గోడ చదునుగా ఉన్నప్పుడు కెమెరానే గోడ వెంట జరపాలి. తిప్పితే చివరి ఫ్రేముల్లో దూరం పెరిగి అక్కడి కుంచె గీతలు మెత్తబడతాయి.

సెన్సరు గోడకి సమాంతరంగా ఉందో లేదో చూడ్డానికి చిన్న అద్దం చాలు. ఫ్రేము మధ్యలో గోడకి అద్దాన్ని చదునుగా ఆనించి పట్టుకోమనండి. వ్యూఫైండర్‌లో మీ లెన్స్ ప్రతిబింబం సరిగ్గా నడిమధ్య కనబడితే సమాంతరమే. పక్కకి జరిగి కనబడితే అటు తిప్పాలి. రసమట్టం నిలువు తప్పు చెబుతుంది గానీ అడ్డంగా పోయిన తప్పుని చెప్పలేదు.

ఏటవాలు వెలుతురు

వెలుతురు సంగతి నేను చెబుతాను. గోడ ఏ దిక్కు చూస్తోందో ముందు చెప్పాలి మీరు. ఎండ నేరుగా పడే గోడ అయితే ఎంత ఎక్స్‌పోజర్ సరిచేసినా నీడలు పరిగెడుతూ ఉంటాయి.

టైమ్‌ల్యాప్స్‌కి సెట్టింగులన్నీ మాన్యువల్: ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్, ఫోకస్. ఫోకస్ రింగు మీద టేపు వేసేయండి. స్టెబిలైజేషన్ ఆపండి, లేకపోతే స్టాండు మీద కూడా ఫ్రేము ఊగుతుంది. ఎఫ్/8 పెట్టినా లెన్స్ లోపలి రేకులు ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాగా మూసుకుంటాయి. వరసగా చూస్తే వీడియో మినుకుమినుకుమంటుంది. అపర్చర్ రింగు చేత్తో తిప్పే పాత లెన్సుకి ఆ బాధ లేదు. లేదంటే పూర్తిగా తెరిచి వాడి, వెలుతురుని నల్లద్దం లాంటి ఎన్‌డీ ఫిల్టరుతో తగ్గించుకోండి.

ఎన్‌డీకి ఇంకో లాభం ఉంది. 1/250 సెకనుతో తీస్తే పనిచేసే మనుషులు టకటకా మాయమవుతూ ప్రత్యక్షమవుతూ ఉంటారు. 6 స్టాపుల (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) ఎన్‌డీ పెడితే అదే వెలుతురులో 1/4 సెకను వస్తుంది. గోడ పదునుగానే ఉంటుంది, మనుషులు పొగలా పాకుతారు. చూసేవాళ్ళ కన్ను బొమ్మ మీద నిలుస్తుంది.

విరామం లెక్క: రోజుకి 8 గంటలు, 20 సెకన్లకొక ఫ్రేము అంటే 1440 ఫ్రేములు, 24 చొప్పున ఆడిస్తే నిమిషం. రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే అసలు ఫైలు) 25 ఎంబీ అనుకుంటే రోజుకి 36 జీబీ. ఇన్ని రోజుల పనికి అది దండగ. నిమిషానికొకటి తీయండి: రోజుకి 480 ఫ్రేములు, 20 సెకన్ల వీడియో, 12 జీబీ. విడతకి ఐదు రోజులనుకున్నా మొత్తం పది నిమిషాలు వస్తుంది. ఎవరూ చూడరు కాబట్టి ఎలాగూ కోస్తారు. షట్టరు అరగకుండా ఎలక్ట్రానిక్ షట్టరు వాడుకోవచ్చు, కానీ రాత్రిపూట ఎల్‌ఈడీ లైట్ల కింద వద్దు, ఫ్రేము మీద అడ్డ చారలు వస్తాయి. 50 హెర్ట్జ్ కరెంటున్న చోట మెకానికల్ షట్టరుతో 1/50 లేదా 1/100 భద్రం.

ఫ్రేములో ఒక మూల, బొమ్మకి బయట, 20 సెం.మీ. చదరం పలక ఒకటి 18 శాతం బూడిద రంగు మ్యాట్ పెయింటుతో బిగించండి. మీ ఫ్రేములో అది దాదాపు 90 పిక్సెళ్ళు. వీడియోలో మినుకు తీసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌కి 'ఇది ఎప్పుడూ మారదు' అని చూపించడానికి అంతకంటే మంచిది లేదు. మొత్తం ఫ్రేము సగటు తీసుకోమంటే, గోడ మీద నల్ల రంగు పెరిగే కొద్దీ అది వీడియోని తెల్లగా చేసుకుంటూ పోతుంది. బొమ్మ మారుతున్న సంగతి దానికేం తెలుసు.

రంగుల రికార్డుకి 24 గడుల కలర్ చార్టు ప్రతి వరస మొదటి ఫ్రేములోనూ, మబ్బు పట్టినా విడినా మళ్ళీ ఒకసారీ. రంగులో మెరుపు ఉంటే రాత్రి తీయండి: రెండు లైట్లు, ఫ్రేముకి అటూ ఇటూ 45 డిగ్రీల కోణంలో, రెంటి ముందూ ఒకే దిశలో పోలరైజింగ్ ఫిల్ము, లెన్స్ మీద సర్క్యులర్ పోలరైజరు. మెరుపు మొత్తం ఆరిపోయేదాకా లెన్స్ మీది ఫిల్టరు తిప్పాలి. లైట్లు కూడా కెమెరాతో పాటే జరగాలి, 18 చోట్లకీ. లైట్ల రంగు నాణ్యత సీఆర్‌ఐ 95కి తగ్గితే ఎరుపులూ ఊదాలూ అబద్ధం చెబుతాయి.

చెమ్మగోడ

ప్రింట్ల సంగతి ఎవరూ ముట్టుకోలేదు, అసలు ప్రమాదం అక్కడే.

పిండి జిగురుతో అతికించినది పైన ఎన్ని రంగులు వేసినా లోపల నీటికి కరిగేదే. గోడ వెనకనుంచి చెమ్మ వస్తే జిగురు మెత్తబడి, పైనున్న రంగు పొరల్ని కూడా పట్టుకుని ఊడొస్తుంది. అందుకని నా పద్ధతి: తర్వాతి విడతకి చింపేయబోయే చోటే పిండి జిగురు, చివరిదాకా ఉండాల్సిన చోట వద్దే వద్దు.

పిండి జిగురు కొలత: ఒక వంతు మైదా ఒక వంతు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు వంతుల నీళ్ళలో పోస్తూ తిప్పాలి. తెల్లటి రంగు పోయి గాజులా మారేదాకా సన్నటి సెగ. చల్లారాకే వాడాలి. పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేస్తారు. అది విషం, గ్లౌజులు తప్పనిసరి. పొడి మిథైల్ సెల్యులోజ్ దొరికితే లీటరుకి 20 నుంచి 25 గ్రాములు సరిపోతుంది, బూజు బెడద తక్కువ.

కాగితం బరువు (చదరపు మీటరుకి గ్రాముల్లో) 80 నుంచి 90 జీఎస్‌ఎం. 120 దాటితే తడికి మెత్తబడదు, అంచులు లేస్తాయి. టోనరు (లేజర్ ప్రింటరు పొడి రంగు) ప్రింటు లేదా పిగ్మెంటు ఇంకు. డై ఇంకు ప్లాటరు ప్రింటు తడి తగలగానే కారుతుంది.

ముడతలు ఎందుకొస్తాయంటే, తడిసిన కాగితం సాగుతుంది, 90 సెం.మీ. వెడల్పు పట్టీ దాదాపు సెంటీమీటరు. ఒక పట్టీని రెండు నిమిషాలు నాననిచ్చి, పక్కదాన్ని వెంటనే అతికిస్తే రెంటి బొమ్మా కలవదు. అన్ని పట్టీలకీ వెనక జిగురు రాసి ఒకే సమయం నాననివ్వండి, అతుకు దగ్గర 2 సెం.మీ. ఒకదాని మీద ఒకటి వేయండి. గోడకీ జిగురు, కాగితం పైనా జిగురు, మధ్య నుంచి అంచులకి బ్రష్.

రంగులబకెట్

చెమ్మగోడ గారి మాటతో ఏకీభవిస్తూ, చివరిదాకా ఉండాల్సిన ఫోటోలకి దారి చెబుతాను. పాలీట్యాబ్ అనే పాలిస్టర్ నాన్-వోవెన్ గుడ్డ. దాని మీద ఎక్రిలిక్ మీడియం రాసి, లేజర్ ప్రింటుని బొమ్మ కిందికి ఉండేట్టు అతికించి 24 గంటలు ఆరనివ్వాలి. తర్వాత కాగితం తడిపి వేళ్ళతో రుద్దితే గుజ్జు ఊడిపోయి టోనరు గుడ్డ మీద మిగులుతుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి ముందే అద్దంలో బొమ్మలా తిప్పి ప్రింటు తీయాలి. రుద్దాక తెల్లటి మసక కనబడితే ఇంకా గుజ్జు ఉందన్నమాట, మళ్ళీ తడిపి రుద్దండి. గట్టిగా రుద్దితే టోనరే లేచిపోతుంది. బొటనవేలి మెత్తదనమే వాడాలి, గోరు తగలకూడదు.

ఆ గుడ్డని గోడకి ఎక్రిలిక్ జెల్‌తో అతికించాలి, గోడకీ గుడ్డ వెనకా రెండు వైపులా రాసి, ప్లాస్టిక్ రేకుతో మధ్య నుంచి బయటికి గాలి తోసేయాలి. రెండు ముక్కలు కలిసే చోట ఒకదాని మీద ఒకటి వేసి, కొత్త బ్లేడుతో రెండూ కలిపి ఒకే కోత కోసి, మిగులు ముక్కలు రెండూ లాగేయండి. అతుకు కనబడదు. ఇది గోడ పొరల్లో ఒక పొరే అవుతుంది, పైన ఎక్రిలిక్ నిక్షేపంగా పడుతుంది.

రంగుల ఎంపిక కూడా. ఐరన్ ఆక్సైడ్ ఎరుపులు, పసుపులు, గోధుమలు, థాలో నీలం, థాలో ఆకుపచ్చ, టైటానియం తెలుపు బయట నిలుస్తాయి. చవక సేంద్రియ ఎరుపులూ గులాబీలూ ముందు వెలుస్తాయి. ఫ్లోరోసెంట్ రంగులు ఇంకా తొందరగా పోతాయి, పైగా కెమెరా వాటిని పట్టుకోలేదు. మొదటి విడత ఎరుపు చివరి విడత దాకా అలాగే కనబడాలంటే ఆక్సైడ్‌తోనే వేయండి.

తడిసున్నం

ఒకటి చేర్చాలి. ఎక్రిలిక్ తడిగా ఉన్నప్పుడు లేతగా ఉంటుంది, ఎండితే ముదురుతుంది. సున్నం తలకిందులు: తడిగా ఉన్నప్పుడు కిందిది కనబడుతుంది, ఎండాకే తెల్లబడుతుంది. స్టిల్ తీసే ముందు ఆఖరి కుంచె పడి కనీసం ఒక రాత్రి గడవాలి. ఫ్రేముఫ్రేముకీ చెరిపి గీసే యానిమేషన్ అయితే ఇంకా పట్టింపు. సెకనుకి 12 బొమ్మలు, ఒక్కో బొమ్మ రెండేసి ఫ్రేములు, పది సెకన్లకే 120 బొమ్మలు. తడిగా ఒకటీ ఆరాక ఒకటీ తీస్తే వీడియోలో రంగు కొట్టుకుంటుంది. ప్రతిసారీ పూర్తిగా ఆరాకే క్లిక్, ఎండలో ఇరవై నిమిషాలు, చల్లటి రోజు గంట.

గోడమీదపిల్లి

మారే గోడ అన్నిసార్లూ ఒకటే రకం కాదు కదా. లాస్ ఏంజెలెస్‌లో గ్రేట్ వాల్ అనే మ్యూరల్ 1976లో రంగు మొదలై కొన్ని వేసవుల్లో పొడవునా పెరుగుతూ పోయి 2,754 అడుగులయింది. అక్కడ పాతది మూయరు, పక్కన కొత్తది చేరుతుంది. అలాంటిదానికి ఒకే చోట కట్టిన కెమెరా ఏం చేస్తుంది?

మూడుకాళ్ళు

ఏమీ చేయలేదు. పొడవునా పెరిగేదానికి నేల మీద దారం గీతే కెమెరా. ఏ దూరంలో, ఏ ఎత్తులో, ఏ లెన్సుతో అన్నది రాసి పెట్టుకుంటే ఎన్నేళ్ళకైనా కొత్త ముక్క పాతదానికి అతుకుతుంది. పైన మూసుకుంటూ పోయేదానికి మాత్రం బ్రాకెట్టే. నీడపట్టు గారిది రెండో రకం.

నీడపట్టు

గోడ పడమర చూస్తుంది. మధ్యాహ్నం మూడు నుంచి ఎండ. ఇంకా, పరంజా వేస్తే సగం గోడ దాని వెనకే ఉంటుంది. విడత బొమ్మని ఎలా ప్లాన్ చేసుకోవాలి, ఫోటోలు అందులో ఎలా పనికొస్తాయి?

ఏటవాలు వెలుతురు

పడమర గోడ అయితే అదృష్టమే. ఉదయమంతా నీడ. రికార్డు స్టిల్స్ తొమ్మిది నుంచి పదకొండు మధ్య, ప్రతి విడతకీ అదే సమయం. ఎండ మొదలయ్యాక టైమ్‌ల్యాప్స్ నడవనివ్వండి కానీ ఆ ఫ్రేముల్ని వేరే ఫోల్డరులో పెట్టండి. కోతలో అవసరమైతే వాడొచ్చు, లేకపోతే లేదు.

ఎండ అప్పుడే గోడ మీదికి తిరిగి దాన్ని రాసుకుంటూ పోయే వేళ ఇంకో పని చేయండి. గోడకి 10, 15 డిగ్రీల కోణంలో వెలుతురు పడితే బుడగలు, పెచ్చులు, ఉబ్బులు అన్నీ నీడలేసుకుని కనబడతాయి. ఎండ అంత ఏటవాలుగా పడకపోతే రాత్రి ఒక లైటుతో అదే కోణం. విడతకి ఒక్క సెట్టు తీసి చిత్రకారులకి ఇవ్వండి. చేత్తో తడిమితే తెలియనిది అందులో తెలుస్తుంది.

పరంజాకి: రోజూ పని ఆపాక దాన్ని ఒకే వైపుకి, ఒకే గుర్తు దాకా తోసేయండి. చక్రాలున్నదైతే సులువు. చక్రాలు లేకపోతే విడత చివర విప్పాలి, తప్పదు. పరంజా లేని ఆ ఒక్క ఫ్రేము దొరికితే చాలు. మిగిలిన రోజంతా ఎంత గందరగోళంగా ఉన్నా వీడియో నిలబడుతుంది.

రంగులబకెట్

విడత ప్లానింగుకి ఫోటో ఇలా పనికొస్తుంది. పాత విడత గోడ మీద చిన్నచిన్న పిచ్చి గీతలు, అక్షరాలు, సున్నలు, బాణాలు చెదురుమదురుగా వేయండి. ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. బ్రాకెట్ నుంచి ఫోటో తీసి, దాని మీద కొత్త స్కెచ్‌ని 40, 50 శాతం పారదర్శకంగా పరిస్తే కంటి రెప్ప ఏ బాణం పక్కన మొదలవ్వాలో ట్యాబ్లెట్ చూసి గోడ మీద గీసేయొచ్చు. చదరపు గడులకంటే ఇదే మేలు: గడులు లెక్కపెడుతూ ఒకటి తప్పితే బొమ్మంతా జరుగుతుంది, పిచ్చి గీత తప్పడం కష్టం. ప్రొజెక్టరైతే చీకటి పడాలి, పైగా కింద నుంచి పైకి వేస్తే బొమ్మ పైన వెడల్పవుతుంది.

ఆ గీతలకి పర్మనెంట్ మార్కరు ముట్టుకోకండి. ఎక్రిలిక్ పొరల్లోంచి మెల్లగా పైకి ఊరుతుంది. తర్వాతి రంగుకి దగ్గరి రంగే నీళ్ళతో పలచన చేసి సన్న కుంచెతో వేయండి.

బ్రాకెట్ ఫోటోని 1:20లో, అంటే 60 × 20 సెం.మీ. ప్రింటు తీసి, పైన ట్రేసింగ్ కాగితం పరిచి ఇద్దరు చిత్రకారులూ ఫోటోగ్రాఫరూ కలిసి ఏది ఉంచాలో, ఏది మూయాలో అక్కడే గీయండి. అదే ఫోటోని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. రంగుల్లో విడిగా కనబడ్డ రెండు ఆకారాలు బూడిదలో కలిసిపోతే దూరం నుంచి గోడ మీదా కలిసిపోతాయి.

ఏటవాలు వెలుతురు

ఆ కూర్చున్నప్పుడు ఫోటోగ్రాఫర్ ఒక్క మాట పట్టుబట్టాలి: ఆరు విడతల్లోనూ మారని ఒక ఆకారం ఉండాలి. కిటికీ కావచ్చు, పక్షి కావచ్చు. కన్ను పట్టుకోవడానికి ఏదీ లేకుండా అంతా మారిపోతే అది మారే గోడలా ఉండదు, ఆరు ఫోటోల స్లైడ్‌షోలా ఉంటుంది. చిత్రకారులు దీనికి విసుక్కుంటారు, ఫరవాలేదు.

చెమ్మగోడ

ప్రతి విడత మొదట్లో అతుకు పరీక్ష చేయండి. ముందు పొర వారం ఆరాక, ఎవరికీ కనబడని మూల బ్లేడుతో ఇంటూ గుర్తు కోసి, గట్టి టేపు నొక్కి ఒక్క లాగు. టేపుకి రంగు రేకులొస్తే ఆ పొర మీద ఇంకోటి వేయకూడదు. గీకి, ప్రైమర్ నుంచి మళ్ళీ. చివరి విడత దాకా వార్నిష్ వద్దు. మధ్యలో వేస్తే తర్వాతి రంగు జారిపోతుంది. గ్రాఫిటీ భయం ఉంటే మైనం లాంటి తుడిచేసే కోటు కూడా వద్దు, దాని మీద ఏదీ అంటదు.

కాగితం-కలం

ఇవన్నీ మొదలుపెట్టేముందు ఒక పేజీ రాసుకోండి. గోడ మీది బొమ్మ హక్కు చిత్రకారులది, ఫోటో హక్కు ఫోటోగ్రాఫర్‌ది, ఆ ఫోటోని గోడ మీద అతికించి పైన రంగు వేసినది ఇద్దరిదీ కలిసిన ముడి. ముడి పడేది సరిగ్గా మీ ఫోటోలు గోడెక్కే విడతల్లోనే. అందుకని రాయాల్సినవి: ఏ విడత స్టిల్‌నైనా ప్రింటు అమ్మితే వాటాలెలా, పేర్లు ఏ వరసలో, రా ఫైళ్ళు ఎవరి దగ్గర, బొమ్మలో ఒక భాగాన్ని మూయడానికి ఎవరి సరే కావాలి, గోడ యజమాని చెరిపేయాలనుకుంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి.

చట్టం దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్‌లో 1988 చట్టం 62వ సెక్షను బహిరంగ ప్రదేశంలో ఉన్న శిల్పాల్ని స్వేచ్ఛగా ఫోటో తీసుకోనిస్తుంది, గోడ మీది పెయింటింగుకి ఆ వెసులుబాటు లేదు. జర్మనీలో శాశ్వతంగా వీధిలో ఉన్న మ్యూరల్‌కి ఉంది. న్యూయార్క్‌లో గ్రాఫిటీ బొమ్మలకి పేరుపడ్డ 5పాయింట్జ్ భవనం గోడల్ని యజమాని 2013 నవంబరులో రాత్రికి రాత్రి తెల్లసున్నం కొట్టినట్టు మూసేశారు. 2018లో కోర్టు 45 బొమ్మలకి, ఒక్కోదానికి లక్షా యాభై వేల డాలర్ల చొప్పున 67.5 లక్షల డాలర్లు ఇప్పించింది. బొమ్మ పోయాక అది ఏమిటో, ఎంతటిదో చూపించేది తేదీ ఉన్న మంచి ఫోటోలే.

చిత్రకారుడు కీత్ హేరింగ్ న్యూయార్క్ సబ్‌వేలో ఖాళీ ప్రకటన బోర్డుల నల్ల కాగితం మీద సుద్దతో గీసినవి ఈనాడు ఎక్కువగా త్సెంగ్ క్వాంగ్ చీ తీసిన ఫోటోల్లోనే దొరుకుతాయి. పేర్ల వరస అంటే ఎందుకు ముందే మాట్లాడుకోవాలో అర్థమవుతుంది.

నీడపట్టు

బ్రాకెట్ చోటు చూసుకున్నాం, 12.8 మీటర్ల దగ్గర స్తంభం ఉంది. ఫైళ్ళ పేర్లు ఎలా పెట్టాలి?

మూడుకాళ్ళు

తేదీ, విడత, చోటు, వరస నంబరు. బ్రాకెట్‌కి 'బ్రా', అతుకు ఫ్రేములకి అడ్డం-నిలువు నంబర్లు, ఏటవాలు వెలుతురువాటికి 'ఏట'. తేదీని ఏడాది, నెల, రోజు వరసలో రాస్తే ఫోల్డరు దానంతటదే సర్దుకుంటుంది. రెండు కెమెరాలుంటే రోజూ పొద్దున్నే రెండింటితోనూ ఒకే ఫోన్ గడియారాన్ని ఫోటో తీయండి. తర్వాత సమయం కలపడానికి ఆ ఒక్క ఫ్రేము చాలు. ఫైలు లోపలి సమాచారంలో చిత్రకారుల పేర్లూ, ఫోటోగ్రాఫర్ పేరూ వేర్వేరు గడుల్లో ఉండాలి, ఒకే గడిలో కుక్కితే ఎవరో ఒకరి పేరు ఎక్కడో రాలిపోతుంది. కాపీలు మూడు, రెండు రకాల డిస్కుల మీద, ఒకటి వేరే ఇంట్లో.

స్తంభం వీధి దీపానిది అయితే మాత్రం గాలికి ఊగుతుంది, చూసుకోండి. గాలి వేసిన రోజు 1/4 సెకను వద్దు, ఎన్‌డీ తీసేయండి.